గర్భగుడి చీకటిని కాపాడండి
కేంద్ర పురావస్తు శాఖ డైరెక్టర్ జనరల్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన డైరెక్టర్ జనరల్ గారికి,

నాది నల్లగొండ పక్కన పానగల్లు. ముప్పై ఎనిమిదేళ్లు నాటకాలకు లైటింగ్ చేశాను. పరిషత్తు పోటీల్లో, రవీంద్రభారతిలో, పల్లెటూళ్ల పందిళ్లలో ఎన్నో రాత్రులు డిమ్మర్ల ముందు కూర్చుని గడిపాను. వెలుగు ఎక్కడ వేయాలో ఎవరైనా చెబుతారు, ఎక్కడ వేయకూడదో తెలిసినవాడే లైటింగ్ మనిషి అని నాకు పని నేర్పిన గురువుగారు అనేవారు. ఆ మాటను మన పాత గుళ్ల విషయంలో మీ ముందు ఉంచాలని ఈ లేఖ రాస్తున్నాను.

పురాతన ఆలయాల గోడల మీద ప్రొజెక్టర్లతో బొమ్మలు ఆడించడం, లేజర్లు తిప్పడం, గోపురం మీద పురాణ కథను సినిమాలా నడిపించడం ఇప్పుడు తరచు వినిపిస్తున్న ప్రతిపాదన. గుడిని బాగుచేస్తామన్న ప్రతిచోటా ‘త్రీడీ మ్యాపింగ్’ అన్న మాట వస్తోంది. నేను దానికి విరోధిని కాను. వెలుగుతోనే బతికినవాణ్ని, వెలుగును ఎలా కాదంటాను? కానీ మన గుళ్లలోకి వస్తున్న పద్ధతి చూస్తే గుండె కలుక్కుమంటోంది.

రెండేళ్ల కిందట ఒక పాత శివాలయంలో అలాంటి ప్రదర్శన చూశాను. ఏ గుడి, ఎవరు చేశారు అన్నది ఇక్కడ అనవసరం. ప్రాకారం లోపల, బలిపీఠానికి నాలుగడుగుల దూరంలో ఇనుప మంచె వేశారు. కేబుల్ జారకుండా ఉండటానికి చెక్కడపు రాతిలోనే రంధ్రం చేసి మేకు దించారు. చీకటి పడగానే విమానం మీద ఊదా రంగు, ఆకుపచ్చ రంగు పరుచుకున్నాయి. స్పీకర్లలోంచి ఉరుములు మొదలయ్యాయి. శిఖరం సందుల్లో గూళ్లు కట్టుకున్న పావురాలు ఒక్కసారిగా లేచి, ఎటు వాలాలో తెలియక చక్కర్లు కొట్టాయి. ఇరవై నిమిషాల తర్వాత వెలుగు ఆగిపోయింది. జనం చప్పట్లు కొట్టి వెళ్లిపోయారు. ఆ విమానం మీద ఏయే శిల్పాలున్నాయని నా పక్కన కూర్చున్న పిల్లవాణ్ని అడిగితే, వాడు మళ్లీ తలెత్తి చూశాడు. అంతసేపూ ఆ శిల్పాలు వాడి కళ్లెదుటే ఉన్నాయి, ఒక్కటీ కనబడలేదు.

ఎందుకు కనబడలేదో నాకు తెలుసు. ఇది మా పనిలో మొదటి పాఠం. నటుడి ముఖం మీద ఎదురుగా స్పాట్ వేస్తే ముఖం అట్టముక్కలా చదునైపోతుంది. ముక్కు, కనుబొమ, బుగ్గల లోతు తెలియాలంటే పక్క నుంచి వేయాలి. శిల్పానికీ అంతే. శిల్పి ఉలితో చెక్కింది సగం రాయి అయితే, మిగతా సగం నీడ. పొద్దున ఏటవాలు ఎండలో రామప్ప మదనికలను చూసినవారికి ఈ సంగతి చెప్పనక్కర్లేదు. కాలి అందె, నడుం వంపు, వేలి కొసన ఉంగరం అన్నీ నీడ వల్లే లేచి నిలబడతాయి. ప్రొజెక్టర్ చేసేది ఎదురు వెలుగు. గోడ మీద ఉన్న ప్రతి నీడనూ అది తుడిచేసి, ఆ స్థానంలో తన బొమ్మ పెడుతుంది. అంటే శిల్పి పనిని చెరిపేసి, అదే రాతిని తెరగా వాడుకుంటుంది. తెర కావాలంటే బజారులో తెల్లగుడ్డ దొరుకుతుంది. దానికి కాకతీయుల కాలపు రాయి అక్కర్లేదు.

మా ఊరి గుడి గురించి ఇక్కడ చెప్పాలి. పానగల్లులో ఉదయ సముద్రం చెరువుకు దగ్గరలో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. కుందూరు చోళుల కాలపు త్రికూటాలయం అది. ఒకే మండపంలోకి తెరుచుకునే మూడు గర్భగుళ్లు. అందులో ఒక గర్భగుడిలో, లింగం వెనక గోడ మీద, ఒక స్తంభం నీడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలిచి ఉంటుంది. సూర్యుడు తూర్పు నుంచి పడమటికి పోతాడు, ఆ నీడ మాత్రం కదలదు. చిన్నప్పుడు మేం పిల్లలం మండపంలో ఒక్కో స్తంభం ముందూ నిలబడి, ఈ నీడ ఏ స్తంభానిదో కనిపెట్టాలని చూసేవాళ్లం. దొరికేది కాదు. అది ఏ ఒక్క స్తంభపు నీడా కాదని పెద్దయ్యాక తెలిసింది. నేరుగా పడే ఎండతో కాక, స్తంభాల మధ్య నుంచి చెదిరి లోపలికి వచ్చే వెలుగుతో ఆ నీడ ఏర్పడుతుంది. స్తంభాల వరసలు, వాటి మధ్య ఎడం, గర్భగుడి లోతు ఆ కొలతల్లో ఉండబట్టే అది నిలుస్తోంది.

ఎనిమిది తొమ్మిది వందల ఏళ్ల కిందట మా ఊళ్లో ఒక స్థపతి కరెంటు లేకుండా, అద్దాలు లేకుండా వెలుగుతో ఒక కళాఖండం కట్టాడు. పగటి వెలుగు ఉన్నన్నాళ్లూ అది నడుస్తూనే ఉంటుంది. ప్రపంచంలో ఎక్కడ ‘లైట్ ఇన్‌స్టలేషన్’ అన్న మాట విన్నా నాకు ముందు గుర్తొచ్చేది ఆ నీడే.

అలాంటివి మనకు ఇంకా ఉన్నాయి. శ్రీకాకుళం దగ్గర అరసవల్లిలో ఏడాదికి రెండుసార్లు, మార్చిలోనూ అక్టోబరులోనూ, ఉదయకిరణాలు గుడి లోపలికి సాగి సూర్యనారాయణ స్వామి పాదాలను తాకుతాయి. నాగలాపురం వేదనారాయణ స్వామి గుడిలో మార్చి నెలలో మూడు రోజులు వరసగా అస్తమించే సూర్యుడి కిరణాలు మొదట పాదాల మీద, మర్నాడు నాభి మీద, మూడోనాడు ముఖం మీద పడతాయి. జనం దాన్ని సూర్యపూజ అంటారు. సూర్యుడే వచ్చి పూజ చేస్తాడని నమ్మకం. ఏడాదంతా చీకటిగా ఉండే గది కాబట్టే ఆ కొద్ది నిమిషాల కిరణానికి అంత విలువ. అదే గదిలో ట్యూబ్‌లైటు వెలుగుతూ ఉంటే ఆ కిరణాన్ని ఎవరు గుర్తిస్తారు?

మన గుడి నడక చూడండి. ఎండలోంచి గోపురం కిందకి వస్తాం. అక్కడి నుంచి ప్రాకారం, మండపం, అంతరాళం, గడప. ఒక్కో మెట్టుకూ వెలుగు తగ్గుతూ పోతుంది. మన కంటిపాప చీకటికి విచ్చుకోవడానికి కొన్ని క్షణాలు చాలు గాని, కన్ను పూర్తిగా చీకటికి అలవాటు పడటానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. ప్రదక్షిణలు చేసి, మండపంలో కాసేపు కూర్చుని, వరసలో నిలబడి గడప దగ్గరికి చేరేసరికి కన్ను సిద్ధమై ఉంటుంది. అప్పుడు అర్చకుడు కర్పూరం వెలిగించి, హారతి పళ్లెం స్వామి పాదాల నుంచి ముఖం దాకా తిప్పుతాడు. ఆ రెండు నిమిషాలూ రాతి ముఖంలో ప్రాణం కదులుతుంది. మంట వణికినప్పుడల్లా కనురెప్పల నీడ మారుతుంది. నాటకంలో నేను ముప్పై ఎనిమిదేళ్లు ప్రయత్నించినా అంత గొప్ప లైటింగ్ చేయలేకపోయాను. దానికి కావలసిన సామగ్రి ఒక కర్పూరం బిళ్ల, చెడగొట్టని చీకటి. అంతే.

ఇక విదేశాల సంగతి. మా అమ్మాయి ఇంగ్లండులో ఉండటం వల్ల అక్కడి పెద్ద చర్చిల్లో ఈ కళను చూసే అవకాశం నాకు కలిగింది. మన దగ్గర ఈ పనులు తలపెట్టేవారు వాటినే ఆదర్శంగా చూపిస్తారు కాబట్టి ఆ సంగతులు వివరంగా చెబుతాను.

మొదట ఒక తేడా గమనించాలి. 1144లో పారిస్ దగ్గర సెయింట్ డెనిస్ చర్చిలో సుజెర్ అనే మఠాధిపతి కట్టించిన కొత్త భాగం ప్రతిష్ఠ జరిగింది. పెద్ద పెద్ద రంగుటద్దాల కిటికీలతో లోపలికి వెలుగు వెల్లువలా రావాలని ఆయన కోరిక. ఆ తర్వాత యూరప్‌లో చర్చిలు ఆ దారినే పెరిగాయి. అక్కడ గోడ పలుచనైంది, అద్దం పెద్దదైంది, దేవుడి కథలు రంగుల వెలుగులో కిటికీల మీద నిలిచాయి. అక్కడ వెలుగుతో బొమ్మ చూపించడం ఎనిమిది వందల ఏళ్లకు పైగా ఉన్న అలవాటు. వీడియో తెర ఆ కిటికీకి మనవరాలు. మన గుడి దారి వేరు. అక్కడ కట్టడమంతా వెలుగును పిలవడానికి. ఇక్కడ కట్టడమంతా వెలుగును మెల్లగా వదిలించి మనల్ని చీకటికి సిద్ధం చేయడానికి. అక్కడ పనికొచ్చింది ఇక్కడ అలాగే పనికిరాదు.

అయినా వాళ్ల దగ్గర మనం నేర్చుకోవలసింది చాలా ఉంది.

బిల్ వయోలా అనే అమెరికన్ వీడియో కళాకారుడు ఉండేవాడు. 2024లో కన్నుమూశాడు. మన కళల గురించి రాసిన ఆనంద కుమారస్వామి రచనలను శ్రద్ధగా చదివినవాడు. ఆరేళ్ల వయసులో చెరువులో మునిగిపోబోయి బతికాడు. నీటి అడుగున తాను చూసిన లోకం ఎంతో అందంగా ఉందని జీవితాంతం చెబుతూ వచ్చాడు. ఇంగ్లండు ఉత్తర భాగంలోని డర్హం కెథెడ్రల్ కోసం 1996లో ఆయన ‘ది మెసెంజర్’ అనే వీడియో చేశాడు. 1093లో మొదలైన కట్టడం అది. దాని పడమటి ద్వారం దగ్గర పెద్ద తెర మీద ఒక మనిషి నీటి లోతుల్లోంచి చాలా మెల్లగా పైకి వస్తాడు, గట్టిగా ఊపిరి తీసుకుంటాడు, మళ్లీ మునిగిపోతాడు. కథంతా ఇదే. ఆ మనిషి నగ్నంగా ఉండటం మీద అభ్యంతరాలు వచ్చాయి, తెర చుట్టూ అడ్డుకట్టలు పెట్టవలసి వచ్చింది. ఆ వివాదం కన్నా నాకు ముఖ్యమనిపించింది మరొకటి. చర్చి పెద్దలు కళాకారుణ్ని పిలిచి ‘మా చర్చి చరిత్ర చెప్పు’ అనలేదు. ఆయన కూడా చరిత్ర చెప్పలేదు. బాప్తిస్మం ఇచ్చే చోట నీరు, ఊపిరి, చావు, పుట్టుక అనే నాలుగు మాటలు పలికించాడు.

అదే కళాకారుడు తన భార్య కీరా పెరోవ్‌తో కలిసి లండన్ సెయింట్ పాల్స్ కెథెడ్రల్ కోసం ‘మార్టర్స్’ చేశాడు. ఆలోచన మొదలయ్యాక పదేళ్లకు పైగా పట్టింది, 2014లో అక్కడ నిలబెట్టారు. నేను చూశాను. గాయకుల బృందం కూర్చునే భాగానికి దక్షిణాన ఉన్న నడవ చివర, నాలుగు నిలువు తెరలు వరసగా ఒకే లోహపు చట్రంలో ఉంటాయి. ఆ చట్రం గోడకు దిగ్గొట్టలేదు, తన కాళ్ల మీద తాను నిలబడింది. ఒక తెరలో మనిషిని కప్పేసిన మట్టి పైకి లేచి వెళుతుంది. రెండో దానిలో తాళ్లతో కట్టిన స్త్రీని గాలి ఊపేస్తుంది. మూడో దానిలో కుర్చీలో కూర్చున్నవాడి మీద నిప్పు రాలుతుంది. నాలుగో దానిలో తలకిందులుగా వేలాడే మనిషి మీద నీరు కురుస్తుంది. నేల, గాలి, నిప్పు, నీరు. మొత్తం ఏడు నిమిషాలు. శబ్దం లేదు. ప్రార్థనలు తమ దారిన తాము సాగుతూనే ఉంటాయి. అంత పెద్ద గుమ్మటం కింద అంత చిన్న తెరలు పెట్టి కూడా ఎవరూ గొంతు పెంచలేదు. నాలుగు భూతాల దగ్గర నిలబడి, అయిదోదైన ఆకాశం ఎక్కడా అని వెతికాను. ఆ నిశ్శబ్దమే ఆకాశం అనిపించింది. రెండేళ్లకు, 2016లో, ఉత్తరపు నడవలో ‘మేరీ’ అనే మరో పని దానికి జోడైంది.

ఇటలీలో మిలాన్ నగరపు శివారులో ‘కియేజా రోస్సా’ అనే చర్చి ఉంది. 1930ల నాటిది. దాని పాదిరీ అమెరికన్ కళాకారుడు డాన్ ఫ్లావిన్‌కు ఉత్తరం రాసి మా చర్చికి వెలుగు ఇవ్వమన్నాడు. ఫ్లావిన్ వాడేది మనం దుకాణాల్లో చూసే మామూలు ఫ్లోరసెంట్ ట్యూబులే. 1996 నవంబరులో, చనిపోవడానికి రెండు రోజుల ముందు ఆయన ఆ రూపకల్పన పూర్తి చేశాడు. మరుసటి ఏడు దాన్ని అమర్చారు. పొడవాటి హాలంతా నీలం, ఆకుపచ్చ. అడ్డ హాల్లో గులాబీ. బలిపీఠం వెనక బంగారు పసుపు. రాత్రి నుంచి వేకువకు, వేకువ నుంచి పగటికి నడిచినట్టు ఉంటుంది. అక్కడ బొమ్మ లేదు, కథ లేదు, గొంతు లేదు. ఆ వెలుగు కింద ఇప్పటికీ ప్రార్థనలు జరుగుతాయి. మా నాటకాల భాషలో చెప్పాలంటే ఆయన సీను వేయలేదు, వేళను వేశాడు.

ఈ మూడింటిలోనూ ఒకే పద్ధతి కనిపిస్తుంది. ఆ భవనం కోసమే చేశారు. పూజను ఆపలేదు.

బయటి గోడల మీద వేసే ప్రదర్శనలు కూడా చూశాను. డర్హంలో 2009 నుంచి రెండేళ్లకోసారి ‘లూమియేర్’ అనే వెలుగుల పండుగ చేస్తూ వచ్చారు. 2015 నవంబరు చలిలో మా అమ్మాయితో కలిసి ఆ కెథెడ్రల్ ముందు పచ్చిక మీద నిలబడ్డాను. విశ్వం పుట్టుక గురించిన ‘ది వరల్డ్ మెషిన్’ అనే ప్రదర్శన. అక్కడి విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుల సహాయంతో చేశారు. వెలుగు నుంచే విశ్వమంతా విస్తరించిందని పదమూడో శతాబ్దంలోనే రాసిన రాబర్ట్ గ్రోస్‌టెస్ట్ అనే బిషప్ ఆలోచన దగ్గర నుంచి ఇప్పటి ఖగోళ శాస్త్రం దాకా దాని పరిధి. ఆ ఊరి చదువూ, ఆ గోడా, ఆ కథా ఒకదానికొకటి సరిపోయాయి. పండుగ నాలుగు రోజులు. అయిదోనాటికి సామానంతా తీసేశారు. గోడ మళ్లీ గోడైంది.

ఫ్రాన్సులోని ఆమియాఁ కెథెడ్రల్ కథ మీకు మరీ దగ్గరిది. 1990లలో దాని పడమటి ముఖాన్ని లేజర్‌తో శుభ్రం చేస్తుంటే, రాతి శిల్పాల మీద మధ్యయుగపు రంగుల ఆనవాళ్లు బయటపడ్డాయి. బూడిద రంగు రాయి అని అందరూ అనుకున్నది ఒకప్పుడు ఎరుపు, నీలం, బంగారు రంగులతో మెరిసిందని తెలిసింది. మళ్లీ రంగులు పూయలేదు. ఏ శిల్పం మీద ఏ రంగు ఉండేదో పరిశీలించి, ఆ రంగును ఆ శిల్పపు అంచు దాటకుండా వెలుగుగా వేశారు. కొన్ని నిమిషాలు ఆ ద్వారం తన పాత రంగుల్లో కనిపిస్తుంది. దీపం ఆర్పగానే రాయి రాయిగానే ఉంటుంది. ప్రొజెక్టర్‌ను ఇంత వినయంగా వాడటం నేను ఇంకెక్కడా వినలేదు. నేను ఎదురు వెలుగును తప్పుపట్టాను గాని, ఇక్కడ అది శిల్పిని చెరపలేదు, శిల్పి పక్కన పనిచేసిన రంగులవాణ్ని మళ్లీ పిలుచుకొచ్చింది. మన గుళ్లలో శిల్పాల మీద ఎనామెల్ పెయింటు పూసే దురలవాటుకు ఇంతకంటే మంచి మందు లేదు.

ఇంకో హెచ్చరిక మిలాన్ నుంచే వస్తుంది. లియొనార్డో డావిన్చీ ‘లాస్ట్ సప్పర్’ చిత్రాన్ని ఇప్పటికీ కొద్దిమందిని చొప్పున, పదిహేను నిమిషాలు మాత్రమే చూడనిస్తారు. 2008లో సినిమా దర్శకుడు పీటర్ గ్రీనవే ఆ చిత్రం మీదనే వెలుగులతో ఒక ప్రదర్శన చేశాడు. ఆ తర్వాత దాన్ని ఇతర చోట్ల నకలు చిత్రం మీదనే చూపించాడు. లేపాక్షి కప్పు మీది చిత్రాలను తలుచుకుంటే నాకు ఇది వెంటనే గుర్తుకొస్తుంది. పదహారో శతాబ్దంలో వేసిన ఆ రంగులకు వెలుగు వల్ల కలిగే నష్టం కూడుతూ పోతుంది, వెనక్కి రాదు. సున్నితమైన రంగులున్న వస్తువులకు మ్యూజియంలు యాభై లక్స్‌కు మించి వెలుగు వేయవు. ప్రదర్శనలకు వాడే ప్రొజెక్టర్ల బలం వేల ల్యూమెన్లలో ఉంటుంది. లేపాక్షిలో వెలుగుల ప్రదర్శన చేయాలనుకుంటే గుడికి దూరంగా ఒక నకలు మండపం కట్టి, దాని కప్పు మీద ఎంత కథైనా చెప్పండి. అసలు కప్పు జోలికి మాత్రం పోకండి.

మీ శాఖకు ఓర్పు లేదని నేను అనను. తంజావూరు బృహదీశ్వరాలయంలో గర్భగుడి చుట్టూ ఉన్న చీకటి నడవలో, నాయకరాజుల నాటి చిత్రాల కింద చోళుల చిత్రాలున్నాయని 1931లో బయటపడింది. పైపొరను పాడుచేయకుండా వేరుచేసి కింది పొరను చూపించిన ఘనత మీ శాఖ రసాయన నిపుణులదే. ఆ చేతులున్న శాఖ, మేకు దించే గుత్తేదారుకు గుడిని అప్పగించకూడదు.

అనుకూలంగా చెప్పే మాటలు కూడా విన్నాను. పర్యాటకులు వస్తారు, ఊరికి నాలుగు డబ్బులు వస్తాయి, ఫోన్లకు అలవాటైన పిల్లలు గుడి వైపు చూస్తారు అంటారు. ఇవి చిన్న విషయాలు కావు. మొఢేరా సూర్యదేవాలయం దగ్గర 2022లో ప్రొజెక్షన్ ప్రదర్శన మొదలైంది. అది పూజలు లేని గుడి. నిత్యపూజలు జరిగే గుడికి అదే లెక్క కుదరదు. రాత్రి పవళింపు సేవ చేసి, స్వామిని నిద్రపుచ్చి, తలుపులు మూసిన తర్వాత అదే గోపురం మీద స్పీకర్లతో ఉరుములు మోగించడం భక్తుడికి ఎలా ఉంటుందో ఆలోచించండి. ఇంట్లో పెద్దవాళ్లు పడుకుంటే పిల్లలకు నెమ్మదిగా నడవమని చెప్పే మనుషులం మనం.

పండుగలకు గుడికి సీరియల్ లైట్లు కట్టమా అని అడుగుతారు. కడతాం. కార్తీక మాసంలో ధ్వజస్తంభానికి ఆకాశదీపం ఎత్తుతాం. పౌర్ణమి నాడు శివాలయం ముందు రెండు కర్రలు పాతి, అడ్డకర్రకు గడ్డి చుట్టి, జ్వాలాతోరణం వెలిగించి దాని కింద నుంచి నడుస్తాం. ఇవన్నీ వేళకు వచ్చి వేళకు పోయేవి. గుడి బయట జరిగేవి. గుడిని చూపించేవే గాని గుడిని దాచేవి కావు. నూనె దీపాల మసి కూడా రాతికి మంచిది కాదని నాకు తెలుసు. దాన్ని కూడా మీరు అదుపులో పెట్టవలసిందే.

రాతికీ వెలుగుకూ మధ్య ఇంకో ప్రాణి ఉంది. పాత గుళ్లలో గబ్బిలాలు ఉంటాయి. రోజూ రాత్రి వెలుగు పడితే అవి బయటికి వెళ్లే వేళ మారుతుంది. వెలుగు చుట్టూ పురుగులు మూగుతాయి, పురుగుల వెంట బల్లులు, పక్షులు చేరతాయి. వాటి రెట్టలు శిల్పం మీద పడి రాతిని తింటాయి. వీటిలో ఏ ఒక్కటీ గుత్తేదారు లెక్కల్లో ఉండదు. ఉండేవి ప్రొజెక్టర్లు ఎన్ని, ల్యూమెన్లు ఎన్ని, కుర్చీలు ఎన్ని అన్నవే. ఆ గుడిలో ఒక రోజంతా కూర్చుని చూసిన కళాకారుడు ఎవరన్న ప్రశ్న ఎవరూ వేయరు.

అందుకే మీ ముందు ఆరు విన్నపాలు పెడుతున్నాను.

1. గర్భగుడి, అంతరాళం, ప్రదక్షిణ నడవ, రంగుల చిత్రాలున్న మండపాలు ఏ ప్రొజెక్టరూ ప్రవేశించకూడని చోట్లని రాతపూర్వకంగా ప్రకటించండి.

2. రక్షిత కట్టడంలో ఒక్క మేకు, ఒక్క బోల్టు, ఒక్క సిమెంటు దిమ్మె కూడా కొత్తగా రాకూడదు. సామగ్రి తన కాళ్ల మీద తాను నిలబడాలి. పురాతన కట్టడాల రక్షణ చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం కట్టడానికి నూరు మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం. ప్రదర్శనల కోసం వేసే మెట్లకు, గదులకు కూడా ఆ నిషేధాన్ని సడలించకండి.

3. పూజలు జరిగే గుళ్లలో అర్చకులను, ఊరివాళ్లను ముందు అడగండి. పవళింపు సేవ తర్వాత వెలుగు గాని, శబ్దం గాని ఉండకూడదు.

4. యంత్రాలకు టెండర్ పిలవడానికి ముందు కళాకారుణ్ని ఎంపిక చేయండి. అతనికి కనీసం ఒక ఏడాది గడువు ఇవ్వండి. ఎండాకాలం, వానాకాలం, ఉత్తరాయణం, దక్షిణాయనం ఆ గుడిలో వెలుగు ఎలా నడుస్తుందో చూసిన తర్వాతే అతను తన ఆలోచన చెప్పాలి. ఒక గుడికి చేసింది మరో గుడికి అద్దెకు పోకూడదు.

5. ప్రదర్శనకు ముందూ తర్వాతా రాతి మీద వెలుగు కొలతలు, గబ్బిలాల, పక్షుల స్థితి నమోదు చేసి, ఆ ఊరి భాషలో ప్రజల ముందు పెట్టండి.

6. అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. ఏడాదికి కొన్ని సాయంత్రాలు, కొన్ని ఆలయాల్లో, కరెంటు దీపాలన్నీ ఆర్పించండి. రామప్పలో ఒక సాయంత్రం. అలాగే మీ రక్షణలో ఉన్న ప్రతి రాష్ట్రంలో ఒక గుడి. పిల్లలను తీసుకొచ్చి రంగమండపంలో అరగంట కూర్చోబెట్టండి. మాటలు వద్దు, సంగీతం వద్దు. వెలుగు వెళ్లిపోవడం చూడటమే ప్రదర్శన. దానికి ఒక్క రూపాయి ఖర్చు కాదు.

1213లో రేచర్ల రుద్రుడు రామప్ప గుడి కట్టించాడు. 2021లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించింది. ఆ ఎనిమిది వందల ఏళ్లలో ఆ నల్లరాతి స్తంభాల నునుపు మీద మొదట పగటి వెలుగు, తర్వాత దీపం వెలుగు, ఆపైన చీకటి రోజూ వచ్చి పోయాయి. ఆ గుర్తింపుకు ప్రొజెక్టర్ అవసరం రాలేదు. ఈ గుళ్లను మనకు అప్పగించినవాళ్లు రాతిని మాత్రమే అప్పగించలేదు. ఆ రాతి మధ్య కొలిచి పెట్టిన చీకటిని కూడా అప్పగించారు. రాయి విరిగితే మీ శాఖ దస్త్రాల్లో రాసుకుంటుంది. చీకటి చెడితే రాసుకోవడానికి ఇప్పటిదాకా మన దగ్గర ఒక గడి కూడా లేదు. ఆ గడి మీరే చేర్చాలి.

మీ బల్ల మీదికి రేపు ఏ ఆలయం మీదనైనా వెలుగుల ప్రదర్శనకు అనుమతి కోరుతూ దస్త్రం వస్తుంది. సంతకం చేయడానికి ముందు ఒకసారి పానగల్లు రండి. సాయంత్రం నాలుగింటికి ఛాయా సోమేశ్వరుడి గడప ముందు కూర్చోండి. నీడ ఎలా నిలబడుతుందో, పొద్దు వాలేకొద్దీ అది గోడలోకి ఎలా కలిసిపోతుందో, ఆఖరికి అర్చకుడి దీపం ఒక్కటే ఎలా మిగులుతుందో చూడండి. ఆ తర్వాత మీకు తోచినట్టు చేయండి.

గౌరవాభిమానాలతో,
పానగల్లు నుంచి ఒక నాటకాల లైటింగ్ కళాకారుడు